వానను అడిగి వేసిన పునాది

ఆ ప్రాంతంలో వాన చుట్టంలా వచ్చి పోయేది కాదు. ఇల్లరికపు అల్లుడిలా మూటాముల్లెతో దిగి, ఏడాదిలో సగం రోజులు అక్కడే తిష్ఠ వేసేది. గోడలకు బూజు, తలుపులకు ఉబ్బు, ఉప్పుకు చెమ్మ, మనుషులకు జలుబు, ఇదంతా దాని వెంట వచ్చే పరివారం. అలాంటి చోట మట్టితో ఇల్లు కట్టుకుంటానని రొట్టెలావిడ అన్నప్పుడు విన్నవాళ్ళు ముందు నవ్వారు, తరవాత ఆకాశం వైపు చూశారు, మళ్ళీ నవ్వారు.

రేవు వీధి మలుపులో ఉన్న రొట్టెల బట్టీ ఆవిడది. బట్టీ మట్టిది. పెద్ద తాబేలు బోర్లా పడుకున్నట్టు గదిలో సగం తనే ఆక్రమించుకుని ఉండేది. వానాకాలంలో వీధి మొత్తం మీద పొడిగా ఉండే వస్తువు అదొక్కటే. ఇరుగుపొరుగువాళ్ళు రొట్టె కొనే నెపంతో వచ్చి తడి మేజోళ్ళు దాని మీద ఆరేసుకుని పోయేవాళ్ళు. రొట్టెలన్నీ అమ్ముడుపోయాక రొట్టెలావిడ బట్టీకి వీపు ఆనించి కూర్చునేది. గోడలోంచి వెచ్చదనం మెల్లగా, తొందరేమీ లేనట్టు, వెన్నులోకి ఎక్కేది. కళ్ళు వాటంతటవే మూతపడేవి. ఆ పైన మేడ గదిలో ఆవిడ కాపురం. అక్కడ సిమెంటు గోడలకు జ్వరం దిగుతున్న మనిషికి పట్టినట్టు చెమట పట్టేది. బట్టీ గోడలాంటి గోడలున్న ఇంట్లో పడుకోవాలి, అంతే. ఆవిడ కోరిక అంతకు మించి పెద్దదేం కాదు.

ఆ కోరిక చాలా ఏళ్ళు అలాగే మనసులో పడి ఉండేదేమో. నలభై దాటాక ఆవిడకు పెళ్ళయింది. దాంతో కోరికకు కాళ్ళు వచ్చాయి.

పెళ్ళికొడుకు బల్లకట్టాయన. ఏటి అవతల నుంచి పిండి బస్తాలు తెచ్చుకోవాలంటే ఆయన బల్లకట్టే దిక్కు. వాన పడితే తన వానకోటు విప్పి బస్తాల మీద కప్పి, తను తడుస్తూ గడ వేసేవాడు. "మీకు జలుబు చేస్తుందండీ" అని ఆవిడ అంటే, "నేను ఆరతాను. పిండి ఆరదు" అనేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ మాటలు అంతవరకే. తరవాత ఏటి మీద వంతెన కట్టారు. బల్లకట్టు ఒడ్డుకెక్కింది. ఇక ఆవిడను చూడటానికి ఆయనకు సాకు లేకుండా పోయింది. సాకు లేని మనిషి నేరుగా వచ్చి అడగాల్సి వచ్చింది.

"మీకు అభ్యంతరం లేకపోతే" అన్నాడు బట్టీ గుమ్మంలో నిలబడి.

"దేనికి?"

"రోజూ చూడటానికి."

రొట్టెలావిడ చేతుల పిండి దులుపుకుని చాలాసేపు ఆలోచించినట్టు నిలబడింది. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. ఆనందం మొహం మీదికి రాకుండా ఆపుకోవడానికే ఆ టైము పట్టింది.

పెళ్ళయ్యాక కూడా ఇద్దరూ "మీరు" అంటే "మీరు" అనుకునేవాళ్ళు. "కాఫీ తాగుతారా?" "మీరు తాగితే తాగుతాను." ఆవిడ వదినకు ఈ తంతు చూస్తే నవ్వాగేది కాదు. "మీరిద్దరూ మొగుడూ పెళ్ళాలా, బ్యాంకులో గుమాస్తా ఖాతాదారులా?" అని ఎగతాళి చేసేది.

ఏటి పైన వాలుగా ఒక నేల ఉంది. బల్లకట్టాయన పడవలు బోర్లించి తారు పూసుకునే చోటు. ఇల్లు అక్కడ కట్టుకుందామనుకున్నారు. పై నుంచి చూస్తే ఏరు మెలికలు తిరుగుతూ, దారి మరిచిపోయినా దిగులు పడని మనిషిలా తీరిగ్గా పోతుండేది. పొద్దున్నే ఆ వాలు మీద మంచు కూర్చుని ఉండేది. అది లేచి వెళ్ళేదాకా అక్కడ ఇల్లు లేదనీ తెలిసేది కాదు, ఉందనీ తెలిసేది కాదు. ఆవిడకు మాత్రం ఉన్నట్టే ఉండేది. ఇక్కడ కిటికీ, ఇక్కడ మంచం, ఇక్కడ ఆయన తెడ్లు ఆనించుకునే మూల. ఖాళీ నేల మీద నడుస్తూ, లేని గుమ్మం దగ్గర తల తగలకుండా వంగేది.

అంతవరకూ బాగానే ఉంది. పేచీ అంతా పునాది దగ్గర వచ్చింది.

ఆవిడ అన్నయ్య తాపీమేస్త్రి. మంచివాడు, గొంతు మాత్రం పెద్దది. ఒక ఆదివారం పొద్దున వదినతో కలిసి నేల చూడటానికి వచ్చి, మడమతో నాలుగు చోట్ల తొక్కి చూశాడు.

"మట్టి గోడలంటున్నావు, సరే, నీ ఇష్టం" అన్నాడు చెల్లెలితో. "కానీ కింద కాంక్రీటు పోయాలి. గోడకు ఎన్ని వేషాలైనా వెయ్యి, కాళ్ళు మాత్రం గట్టిగా ఉండాలి."

"మట్టి గోడకు మట్టీ రాయీ చాలన్నయ్యా. మన బట్టీ కింద ఉన్నదేంటి? మట్టిలో కూర్చిన రాళ్ళే కదా. ఏనాడైనా కదిలిందా?"

"బట్టీ గదిలో ఉంది తల్లీ. దాని నెత్తిన కప్పుంది. పైగా రోజూ నిప్పు తాగుతోంది. నీ ఇంటి గోడలకు రోజూ నిప్పెవడు పెడతాడు?"

బల్లకట్టాయన అప్పటిదాకా ఏటి వైపు చూస్తున్నాడు. "నన్నడిగితే నేలను నమ్మకూడదు బావా" అన్నాడు నిదానంగా. "దుంగలు పాతి, వాటి మీద బల్లలు పరిచి, ఇల్లు పైకెత్తేద్దాం. వచ్చే నీళ్ళు కింద నుంచి పోతాయి. వాటి దారి వాటిది, మన దారి మనది."

"మట్టి గోడ బరువు నీ దుంగలు మోస్తాయా బావా? అది పిండి బస్తా అనుకున్నావా?"

"మట్టింట్లో ఉండి నేలకు అంత ఎత్తున కూర్చుంటే మట్టింట్లో ఉన్నట్టేంటండీ?" అంది రొట్టెలావిడ. ఆవిడకు పాదం కింద నేల కావాలి. పుట్టినప్పటి నుంచీ మేడ గదిలో ఉంది మరి.

ముగ్గురూ ముగ్గురే. ఎవరి మాట వాళ్ళకు వేదం. వదిన గొడుగు కర్ర మీద గడ్డం ఆనించుకుని విని విని, "బాగుంది. ఇల్లు లేవకముందే మధ్యలో గోడలు లేస్తున్నాయి" అంది.

ఆ మాట రొట్టెలావిడ మనసులో పడింది. ఆ రాత్రి పిండి కలుపుతుంటే కూడా అదే తిరిగింది. మర్నాడు రొట్టెలు దించాక భర్తతో అంది: "కొత్త రకం పిండి వస్తే నేను బట్టీ నిండా పెట్టనండీ. ముందు ఒక్కటి కాల్చి చూస్తాను. గోడలు కూడా అలాగే చూద్దాం. ఎవరి పునాది మీద వాళ్ళు నడుమెత్తు గోడ ఒకటి కట్టి వదిలేద్దాం. వానాకాలం పోయాక ఏది నిలిస్తే దాని మీద ఇల్లు. మనం మనం కొట్టుకోవడం ఎందుకు? వానను అడుగుదాం."

బల్లకట్టాయన మొహం వెలిగిపోయింది. తీర్పు నీళ్ళ చేతిలో పెట్టడం ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేం.

వేసవి చివర పని మొదలుపెట్టారు. కందకాలు తవ్వే పని మేస్త్రి తీసుకున్నాడు. మాటల్లో పడి, మూడు చాలని మరిచిపోయి నాలుగోది కూడా తవ్వేశాడు. "తవ్వింది పూడ్చకండి, నా వెన్ను ఉసురు తగులుతుంది" అని అక్కడే కూలబడ్డాడు. మేస్త్రి తన కందకంలో కాంక్రీటు నేల మట్టానికి పోశాడు. బల్లకట్టాయన పాత పడవల దుంగలు పాతి వాటి మీద బల్ల బిగించాడు. రొట్టెలావిడ బండరాళ్ళను బంకమట్టిలో ఒక్కొక్కటీ పళ్ళ వరసలా కూర్చింది. నాలుగో కందకం ఎవరికీ అక్కర్లేదు. ఏటి నుంచి తెచ్చిన గులకరాళ్ళు మిగిలిపోతే అందులో గుమ్మరించి, పైన నాలుగు పెద్ద రాళ్ళు పెట్టారు.

గోడల మట్టిని మాత్రం నలుగురూ కలిసి తొక్కారు. ఎర్రమట్టి, ఇసుక, తరిగిన గడ్డి, నీళ్ళు. రొట్టెలావిడ చీర పైకి దోపుకుని అందులో దిగినప్పుడు మట్టి చల్లగా వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. పిండి పిసికే చేతులకు తెలిసింది కాళ్ళకు కూడా తెలుస్తుందని ఆ రోజే ఆవిడకు తెలిసింది. ఇంకాస్త ఇసుక, ఇంకాస్త గడ్డి, ఇప్పుడు చాలు. తొక్కుతూ తొక్కుతూ ఎంతసేపయిందో మరిచిపోయింది. ఎండ వీపు మీద ఉంది. పక్కన భర్త తొక్కుతున్నాడు. ఇద్దరి కాళ్ళూ ఒకే లయలో పడుతున్నాయి. అలిసి గట్టెక్కిన వదిన ఏదో జోకేసింది. ఏమన్నదో వినిపించలేదు, నవ్వు మాత్రం ముందే వచ్చేసింది.

వాలు మీద నాలుగు పొట్టి గోడలు లేచాయి, ఎవరికీ అక్కర్లేని కందకం మీద కూడా ఒకటి. తల తడవకుండా ఒక్కోదానికి గడ్డి టోపీ పెట్టారు. పరీక్ష కాళ్ళకు గనక. దూరం నుంచి చూస్తే బస్సు కోసం నిలబడిన నలుగురు ముసలివాళ్ళలా ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఇదేనా ఇల్లు? గదులు కాస్త ఇరుకైనట్టున్నాయే" అని పోయేవాళ్ళు.

ఆ తరవాత వాన దిగింది.

మొదట ఏటి అవతల ఆకుల మీద చప్పుడైంది. తరవాత ఏటి మీద. తరవాత తమ మీద. అంతే, ఇక లోకానికి అంచులు లేకుండా పోయాయి. ఆకాశం ఎక్కడ ఆగిందో, ఏరు ఎక్కడ మొదలైందో, ఎవరూ చెప్పలేని రంగు ఒకటి అంతటా పరుచుకుంది. రోజులు ఒకదాంట్లో ఒకటి నానిపోయాయి. రొట్టెలావిడ బట్టీ పని కాగానే గొడుగేసుకుని వాలెక్కేది. గోడల పక్కన బోర్లించిన పడవ కింద భర్త కూర్చుని ఉండేవాడు. తారు పూస్తున్నానని చెప్పేవాడు గానీ పూసింది తక్కువ. ఇద్దరూ ఆ పడవ నీడన కూర్చుని వాన గోడలతో ఏం మాట్లాడుతోందో వినేవాళ్ళు. చూస్తూ చూస్తూ ఆవిడ ఒక్కోసారి కునుకు తీసేది. కలలో కూడా వానే కురిసేది, కాకపోతే అక్కడ వెచ్చగా కురిసేది.

ముందు ఓడిపోయినవి బల్లకట్టాయన దుంగలు. నేల గంజిలా అయ్యేసరికి ఒక దుంగ కుంగింది, బల్ల వంగింది, పైన గోడ నిలువునా చీలింది. ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "పడవ నీళ్ళలో తేలుతుంది, బురదలో దిగబడుతుంది. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే, ఇంటి దగ్గర గుర్తు రాలేదు" అని తనే నవ్వేశాడు.

మేస్త్రి గోడ దర్జాగా నిలబడింది. ఎవరిదీ కాని నాలుగో గోడ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ రొట్టెలావిడ గోడ మీదే. ఎంత వాన పడనీ, ఆవిడ వచ్చి చూసేసరికి పాదాల దగ్గర ఓ మాదిరి చెమ్మ తప్ప చెక్కు చెదిరేది కాదు. ఆవిడకు గర్వం వచ్చేసింది. రొట్టె కొనడానికి వచ్చినవాళ్ళకు రొట్టెతో పాటు గోడ కబురు కూడా ఇచ్చేది. అన్నయ్య వస్తే, "ఏమన్నయ్యా, మట్టీ రాయీ ఏమంటున్నాయి?" అని తల ఎగరేసేది. మేస్త్రి గోడ ముందు గొంతుక్కూర్చుని తల గోక్కునేవాడు. "విడ్డూరమే. కడిగేసి ఉండాలి మరి" అనేవాడు. పక్కన బల్లకట్టాయన ఏటి వైపు చూస్తుండేవాడు.

ఒకరోజు ఏటి అవతల నుంచి పిండి లారీ రాలేదు. చేయడానికి పనేమీ లేక రొట్టెలావిడ మధ్యాహ్నం కాకముందే బయల్దేరింది. దారిలో ఉండగానే వాన ఉద్ధృతమైంది. గొడుగు పనికిరాకుండా పోయింది. వాలెక్కి చూసేసరికి, కురుస్తున్న తెల్లటి తెరల వెనకాల, ఆయన కనిపించాడు.

ఆవిడ గోడ మీద పడవల టార్పాలిన్ కప్పి, గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోడ పాదాల చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. తను మాత్రం తల నుంచి కాళ్ళ దాకా కారిపోతున్నాడు. బడికి పోయే పిల్లకు గొడుగు పట్టినట్టు గోడ వైపే ఒరిగి ఉన్నాడు.

ఆవిడకు కాసేపు తను చూస్తున్నది అర్థం కాలేదు. అర్థమయ్యాక గబగబా దగ్గరకు నడిచింది.

"ఏం చేస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. టార్పాలిన్ మాత్రం వదల్లేదు. "వాన..." అన్నాడు.

"వాన పడుతుందని తెలిసే కదా గోడ కట్టింది! ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"మొదటి పెద్ద వాన నుంచి." ఆయన గొంతు వానలో సగమే వినిపించింది. "ఆ రోజే పాదం దగ్గర కరగడం మొదలైంది. రాళ్ళ మధ్య మట్టి కొట్టుకుపోయింది. నేనే మళ్ళీ మెత్తాను. రోజూ బట్టీ పని అయ్యే వేళకు ఇవన్నీ తీసి దాచేసేవాణ్ణి. నువ్వు వచ్చి దాన్ని ఎలా చూశావో... ఆ చూపు చూశాక చెప్పలేకపోయాను."

"ఊరంతా చెప్పుకున్నాను నేను! అన్నయ్య ముందు తల ఎగరేశాను! నన్నంత పిచ్చిదాన్ని చేస్తారా?"

"నువ్వు బాధపడతావని."

"గోడ పడితే బాధపడతాను. రేపు ఇల్లు పడితే చస్తాం, ఇద్దరం. వానను అడుగుదామన్నాను. మీరు వాన నోరు మూసేశారు!"

గొడుగు అక్కడే పడేసి వాలు దిగి వచ్చేసింది. వెనక నుంచి ఆయన పిలిచాడేమో, వానలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆయన బట్టీకి కట్టెలు పేర్చాడు, ఆవిడ అన్నం పెట్టింది. తెల్లారి రొట్టెలు ఒక వాయి మొత్తం మాడిపోయాయి. అలా ఎప్పుడూ జరగలేదు. రొట్టెల కోసం వచ్చిన వదిన మాడు వాసన చూసి, అడగకుండానే లోపలికి వచ్చి పీట వాల్చుకుంది. రొట్టెలావిడ అంతా చెప్పింది. చెప్పేటప్పుడు కోపమే వచ్చింది, చెప్పడం అయ్యాక ఏడుపొచ్చింది.

వదిన మాడిన రొట్టె అంచు తుంపి నములుతూ అంది: "పెళ్ళయిన నాటి నుంచీ మీ అన్నయ్య నా వంట బాగుందనే అంటాడు. పులుసు ఉప్పుకశంలా ఉన్నా బాగుందనే అంటాడు. ప్రేమేలే, కాదనను. కానీ ఒక్కనాడు బాలేదని ఉంటే ఈ పాటికి నేను వంట నేర్చుకుని ఉండేదాన్ని." ఇంకో తునక తుంపుకుని, "నీ మొగుడికి ప్రేమించడం వచ్చు. బాలేదని చెప్పడం రాదు. అది నేర్పితే వస్తుంది. మొదటిది రాకపోతే మాత్రం ఎవరూ నేర్పలేరు" అంది.

వదిన వెళ్ళాక రొట్టెలావిడ అలవాటు కొద్దీ బట్టీకి వీపు ఆనించి కూర్చుంది. వెచ్చదనం మెల్లగా ఎక్కుతుంటే నిన్నటి మాటలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఒక మాట దగ్గర ఆగిపోయింది. నువ్వు వచ్చి దాన్ని ఎలా చూశావో. నువ్వు బాధపడతావని. అంత వానలో, అంత పోట్లాటలో, ఆయన తనను "నువ్వు" అన్నాడు. ఏకవచనం ఇంత వెచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. పిండి బస్తాల మీద వానకోటు కప్పిన మనిషి గోడ మీద టార్పాలిన్ కప్పకుండా ఎలా ఉంటాడు? కోపం పూర్తిగా పోలేదు. కానీ దానికి మనసులో కూర్చోవడానికి జాగా లేక లేచి నిలబడింది.

మధ్యాహ్నం వాలెక్కింది. ఆయన పడవ కింద కూర్చుని, ఎప్పుడూ లేనిది, నిజంగానే తారు పూస్తున్నాడు. ఆవిడ నేరుగా గోడ దగ్గరకు వెళ్ళి టార్పాలిన్ ముడులు విప్పింది. ఇసుక బస్తాలు లాగుతుంటే ఆయన వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి అన్నీ తీసేశారు.

"రా, కూర్చో" అంది ఆవిడ పడవ కింద పక్కకు జరిగి. "ఇద్దరం చూద్దాం."

ఆయన ఆ మాటకు ఒక్కసారి ఆవిడ వైపు చూసి, వచ్చి కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వాన చాలాసేపు తటపటాయించినట్టు సన్నగా పడింది. తరవాత నిండుగా దిగింది. వాలు పై నుంచి నీళ్ళు చిన్న చిన్న పాయలై, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, గోడ పాదాల దగ్గరకు వచ్చి ఆగాయి. పోవడానికి దారి లేదు. అక్కడే చేరి, రాళ్ళ మధ్యలోకి ముక్కు దూర్చాయి. గోడ రంగు కింది నుంచి పైకి ముదురుతూ వచ్చింది, దీపపు వత్తి నూనె తాగినట్టు. ఒక రాయి కదిలింది. ఇంకోటి పక్కకు జరిగింది. గోడ దబ్బున పడలేదు. రోజంతా నిలబడి అలిసిన మనిషి ఎవరో కుర్చీ చూపిస్తే కూర్చున్నట్టు, మోకాళ్ళు వంచి, మెల్లగా, తన మీద తనే కూర్చుంది. గడ్డి టోపీ మాత్రం ఎర్రటి మట్టి ముద్ద మీద నిటారుగా మిగిలింది.

రొట్టెలావిడ తనకు ఏడుపు వస్తుందనుకుంది. ఆ టోపీ చూసి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండూ కలిసే ఉన్నాయి, విడదీయబుద్ధి కాలేదు. ఆయన చెయ్యి వచ్చి ఆవిడ చేతి మీద పడింది. దాని నిండా తారు.

"బాలేదు" అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని. "నీ పునాది బాలేదు."

"ఇప్పుడు చెప్పావా!" అందావిడ.

వాన తగ్గాక ఇద్దరూ మిగతా గోడల దగ్గరకు వెళ్ళారు. మేస్త్రి గోడ దర్జా పైపైదేనని దగ్గరగా చూస్తే తెలిసింది. కాంక్రీటు చెక్కు చెదరలేదు గానీ దాని మీద నిలిచిన నీటిని మట్టి కుడిచేసింది. రొట్టెలావిడ వేలు పెడితే నానిన రొట్టెలోకి దిగినట్టు దిగింది. నాలుగోది, ఎవరిదీ కాని గోడ, చాలా వరకు పొడిగా ఉంది. గులకరాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కిందికి జారిపోయాయి తప్ప పైకి ఎక్కలేదు. కాకపోతే పాదం దగ్గర ఒక చోట నల్లబడటం మొదలైంది. బల్లకట్టాయన నేలకు చెవి ఆనించి విన్నాడు. ఒక గులకరాయి తీసి చూశాడు. కందకం నిండా నీళ్ళు, అంచు దాకా.

"పాపం, తాగిందంతా కడుపులోనే పెట్టుకుంది" అన్నాడు. "నీళ్ళు చెడ్డవి కావు. ఆపితేనే గోడల మీద పడతాయి. దారి చూపిస్తే మన జోలికే రావు."

పార తీసుకుని వాలు వైపు కందకానికి నోరు తవ్వాడు. చివరి పెళ్ళ తీయగానే లోపలి నీళ్ళు ఒక్కసారి గుటక వేసినట్టు చప్పుడు చేసి, ఎర్రగా బయటకొచ్చి, ఏటి వైపు పరుగు తీశాయి. వెళ్ళేకొద్దీ తేరుకుని తెల్లబడ్డాయి. ఇద్దరూ నిలబడి చూశారు. మర్నాటికి ఆ నల్ల మచ్చ సగం ఆరింది.

తరవాతి ఆదివారం మేస్త్రి వచ్చి కూలిన గోడ చూశాడు. చెల్లెలు జరిగిందంతా చెప్పేసింది. ఆయన బావ భుజం మీద ఒకటి చరిచి, "ఆ విడ్డూరం చూసి నేను రాత్రుళ్ళు నిద్ర మానేశాను కదయ్యా!" అన్నాడు. తరవాత తన గోడ పాదంలో వేలు పెట్టి చూసి మూతి విరిచాడు. "ఇది కాంక్రీటు తప్పు కాదు. తడి పైకెక్కకుండా మధ్యలో ఏదో ఒకటి పరచాలి. తారు అట్ట పరచాలని నాకు తెలియదా? మట్టి గోడే కదా అని అశ్రద్ధ చేశాను."

"తారుకేం కొదవ?" అంది వదిన, బల్లకట్టాయన చేతులు చూపించి.

ఆ పూట పడవ కింద నలుగురూ కూర్చుని, పేచీ లేకుండా పునాది తేల్చుకున్నారు. కింద లోతు కందకం, వాలు వైపుకు ఏటవాలుగా, నిండా గులకరాళ్ళు, చివర నీళ్ళు బయటపడే నోరు. దాని మీద మోకాలి ఎత్తు దాటేలా రాతి కట్టు, వాన చిందులు మట్టిని అందుకోకుండా. రాతి మీద మేస్త్రి తారు అట్ట. ఆ పైన మట్టి గోడ. అన్నిటి మీదా చెయ్యి చాపినంత ముందుకొచ్చే చూరు. లోపల నేల మాత్రం మట్టిది, రొట్టెలావిడ పాదాల కోసం. దాని కింద కూడా గులకరాళ్ళే.

ఎండలు రాగానే కట్టడం మొదలుపెట్టారు. అదంతా చెబితే వేరే కథ అవుతుంది. ఇసుక తక్కువైందనీ, కిటికీ వంకరగా ఉందనీ, మేస్త్రి పెద్ద గొంతుకు ఏటి మీద కొంగలు లేచిపోతున్నాయనీ రోజూ ఏదో ఒకటి. రాతి కట్టు రొట్టెలావిడే పేర్చింది. ఈసారి రాళ్ళ మధ్య సున్నం. ఒక్కో రాయి పెట్టి, వెనక్కి జరిగి భర్తను చూసేది. "బాలేదు" అంటే తీసి మళ్ళీ పెట్టేది. మొదట్లో ఆయనకు ఆ మాట అనడానికి చెమట పట్టేది. రాను రాను ఎంత అలవాటైందంటే, ఒకరోజు బాగున్న రాయికి కూడా బాలేదనేశాడు. ఆ రాయి పట్టుకుని ఆవిడ వెంట పడితే వాలు దిగువ దాకా పరిగెత్తాడు.

వాళ్ళు ఇంట్లోకి మారిన కొన్నాళ్ళకు వాన తిరిగి వచ్చింది. మధ్యాహ్నం. రొట్టెలావిడ చాప మీద పడుకుని ఉంది. గోడ ఇంకా కొత్త మట్టి వాసన వేస్తోంది. ముందు చూరు మీద చప్పుడైంది. తరవాత చుట్టూ అంతటా. ఆవిడ లేవలేదు. చెంప నేలకు ఆనించింది. నేల చల్లగా, పొడిగా ఉంది. దాని లోపల ఎక్కడో, చాలా కింద, గులకరాళ్ళ మధ్య నీళ్ళు నడుస్తున్నాయి. పక్క గదిలో ఎవరో తలుపు వేసుకుని మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు, మాట తెలియకుండా గొంతు మాత్రమే తెలిసినట్టు. అవి ఆగలేదు. ఆవిడ కింద నుంచే వెళ్ళాయి, ఆవిడను తాకకుండా వెళ్ళాయి.

కళ్ళు మూతపడుతుండగా బయట నుంచి ఆయన గొంతు వినిపించింది. కందకం నోటి దగ్గర, వానలో, తలకు ఏమీ లేకుండా నిలబడి ఉంటాడు.

"ఇదిగో, రా, చూద్దువుగాని! ఎంత తేటగా వస్తున్నాయో!"

"నువ్వు చూడు. నేను వింటున్నాను" అంది రొట్టెలావిడ. ఆయనకు వినపడిందో లేదో. ఆవిడ నిద్రలోకి జారిపోయింది.